తెప్పకాడులో మూర్తి, మసిని

ఉదయం ఆరు కావస్తోంది. బందీపూర్ వైపు అడవి గేట్లు ఇంకా తెరవలేదు కాబట్టి మైసూరు రోడ్డు మీద ఒక్క లారీ లేదు. వంతెన కింద మోయారు నీళ్ల చప్పుడు ఒక్కటే వినిపిస్తోంది. నీలగిరి కొండల దిగువన, తమిళనాడు ముదుమలై అడవిలో, తెప్పకాడు ఏనుగుల శిబిరం ముందు నిలబడి ఉన్నాం. చలికి చేతులు చంకల్లో దూర్చుకున్నాం. తొంగి చూస్తే శిబిరంలో దాదాపు ఏనుగులే లేవు.

ఊటీ నుంచి కల్హట్టి ఘాట్‌లో 36 మలుపులు తిరిగి దిగివచ్చిన యాత్రికులు ఇక్కడ కాస్త తెల్లబోతారు. జూలో అయితే ఎప్పుడు వెళ్లినా జంతువు ఊచల వెనక ఉంటుంది. ఇక్కడి ఏనుగుల్ని సాయంత్రం మేత అయ్యాక అడవిలోకి తోలేస్తారు. ముందుకాళ్లకు బంధం వేస్తారు, నేల మీద ఈడ్చుకుపోయేలా పొడవాటి గొలుసు తగిలిస్తారు, అంతే. రాత్రంతా ఏనుగు వెదురు విరుచుకుంటుంది, గడ్డి పీక్కుంటుంది, వీలు చిక్కితే అడవి ఏనుగుల మందలో కలిసి తిరుగుతుంది. దక్షిణాది శిబిరాల్లో పుట్టిన చాలా గున్నలకు తండ్రులు ఇలా చీకట్లో తారసపడ్డ అడవి మగ ఏనుగులే. బందీ అనాలా, కాదనాలా? పగలు సర్కారు ఉద్యోగం, రాత్రి కాళ్లకు బంధంతో అడవి జీవితం.

అదిగో, కావడి బయల్దేరాడు. మావటి సహాయకుణ్ణి ఇక్కడ కావడి అంటారు. భుజాన తువ్వాలు, చేతిలో కత్తి, కళ్లు నేల మీద. అడుగు కింద చూపు ఆనించి నడుస్తుంటే గొలుసు ఈడ్చిన చార దొరుకుతుంది. అది కాసేపు మట్టిలో స్పష్టంగా సాగి, లాంటానా పొదల్లో మాయమై, వాగు ఒడ్డున మళ్లీ తేలుతుంది. పేడ కనపడితే కాలితో కదిపి, ఆవిరి వస్తోందా, ఆరిపోయిందా చూస్తాడు. విరిగిన కొమ్మకు పాలు ఇంకా కారుతున్నాయా చూస్తాడు. అతని వెనకే మనం. కాసేపటికి ఆగి చెయ్యి పైకెత్తాడు. ముందు పొద వెనక బూడిదరంగు వీపు ఒకటి కదిలింది.

అది తన ఏనుగా, అడవి ఏనుగా? ఈ అడవిలో పులులున్నాయి, ఎలుగులున్నాయి, కానీ కావడికి ఉదయంపూట అసలు ప్రశ్న ఇదొక్కటే. జవాబు దూరం నుంచే తేల్చుకోవాలి. చెవి అంచున చిరుగు, వెన్ను వంపు, తోక కొస వెంట్రుకలు, తొండం విసిరే తీరు చూసి పోల్చుకోవాలి. తప్పు పోల్చుకున్నవాడికి రెండో అవకాశం ఉండదు. అతను పేరు పెట్టి పిలిచాడు. పొద కదలడం ఆగింది. మళ్లీ పిలిచాడు. గొలుసు గలగలమంది. అప్పుడు గానీ మన ఊపిరి కిందికి దిగలేదు.

ఈ పిలుపు నేర్చిన మనుషులు ఎక్కువగా కాట్టునాయకన్, కురుంబ, ఇరుళ గిరిజనులు. తాత మావటి, తండ్రి మావటి, కొడుకు కావడి. అడవిలో ఏనుగును ఎలా తప్పించుకోవాలో తరతరాలుగా తెలిసినవాళ్లకే దాని మెడ మీద కూర్చునే పని దొరికింది. అతను ఏనుగు ఎత్తిన ముందుకాలిని మెట్టుగా చేసుకుని పైకెక్కాడు. పాదాలు రెండూ చెవుల వెనక దూర్చాడు. ఇక మాట చాలా తక్కువ. కాలి బొటనవేలు ఎటు నొక్కితే అటు మలుపు. చూసేవాళ్లకు ఏనుగు తనంతట తానే నదికి దారి పట్టినట్టుంటుంది.

మోయారులో స్నానం చూడటానికి ముచ్చటగా ఉంటుంది, ఫొటోలన్నీ ఇక్కడివే. ఏనుగు పక్కకు ఒరిగి నీళ్లలో పడుకుంటుంది, తొండం కొస మాత్రం పైకి తేలి ఊపిరి తీస్తూ ఉంటుంది. మావటి ఒళ్లంతా రుద్దుతాడు. కాసేపు అతని చేతుల్నే చూడండి. రుద్దుతూ రుద్దుతూ ఒకచోట ఆగుతాయి. రాత్రి గొలుసు ఒరుసుకున్న చోట చర్మం వాచిందా? గోరు చీలిందా? అరికాలిలో ముల్లు దిగిందా? కంట్లోంచి నీరు కారుతోందా? నొప్పి ఉన్నచోట చెయ్యి పడగానే ఆ కొండంత ఒంట్లో ఎక్కడో చిన్న వణుకు పుడుతుంది. డాక్టరుకు కబురు వెళ్లేది ఆ వణుకు తెలిసినప్పుడే. నది ఒడ్డున నిలబడి మనం ముచ్చటపడుతున్న ఈ అరగంట అతనికి రోజువారీ వైద్య పరీక్ష.

ఎనిమిదిన్నరకు మేత. ఇక్కడ తీరిగ్గా నిలబడాలి.

వంటశాలలో పెద్ద పెద్ద పాత్రల్లో రాగిపిండి, ఉలవలు, బియ్యం ఉడికించి, బల్లల మీద కుమ్మరించి, ముద్దలు చేస్తున్నారు. రాయలసీమ వాళ్లు చూస్తే సంకటి అనుకుంటారు, ఒక్కో ముద్ద మాత్రం ఒక ఇంటికి సరిపోయేంత ఉంది. బెల్లం, కొబ్బరి, ఉప్పు, ఖనిజ లవణాల పొడి పక్కన. గోడ మీద బోర్డులో ఏనుగు ఏనుగుకూ లెక్క వేరుగా రాసి ఉంది. గున్నకొకటి, కడుపుతో ఉన్నదానికొకటి, వయసు మళ్లినదానికొకటి. పళ్లు అరిగిపోయిన ముసలిదానికి మెత్తగా పిసికి పెట్టాలి. మందు ఇవ్వాల్సి వస్తే ముద్ద మధ్యలో దాస్తారు. ఏనుగు తొండంతో పరీక్షించి, మందును వేరుచేసి, మిగతాది తిని, మందు మాత్రం మావటి కాళ్ల దగ్గర పడేయడం కూడా ఉంది. అప్పుడు ఇంకాస్త బెల్లం కలుపుతారు.

ఏనుగులు వరసగా వచ్చి నిలబడ్డాయి. అడవిపందులు, కొండముచ్చులు కూడా వాటికేదో హక్కున్నట్టు చుట్టూ చేరాయి. మావటి ముద్ద తీసుకుని తొండానికి ఇవ్వడు. ఏనుగు నోరు తెరిస్తే లోపలికి, దవడ పళ్ల దాకా, మోచేతి వరకూ చెయ్యి పెట్టి ముద్ద వదిలి వెనక్కి తీసుకుంటాడు. ఇటుకంత దవడపన్ను. ఆ చెయ్యి లోపల ఉన్న క్షణంలో మనం ఊపిరి బిగబడతాం. మావటి మాత్రం పక్కవాడితో ఏదో మాట్లాడుతూనే ఉన్నాడు. కానీ చూడండి, అతని కళ్లు మాట వినేవాడి మీద లేవు. ఏనుగు చెవుల మీద ఉన్నాయి. చెవులు ఆడుతున్నంతసేపు ఫరవాలేదు. ఆడటం ఆగాయా, అతనూ మాట ఆపేస్తాడు.

ఏనుగులకు ఇక్కడ సర్వీసు పుస్తకం ఉంటుంది, వయసు మళ్లాక రిటైర్మెంటు ఉంటుంది. రిటైరయ్యాక పని ఉండదు, తిండి మాత్రం ఆగదు. ఒకప్పుడు ఈ పని అంటే కలప దుంగలు లాగడం. బ్రిటిష్ వాళ్ల కాలంలో శిబిరాలు పుట్టింది అందుకే. ఇప్పుడు నరుకుడు లేదు కాబట్టి పెట్రోలింగు, ఊళ్ల మీద పడే అడవి ఏనుగుల్ని తరమడం, పట్టడం. ఆ పని నేర్చిన ఏనుగులే కుంకీలు.

మేత వరసలో మూర్తి ఎక్కడ అని అడిగేవాళ్లు ఇప్పటికీ ఉంటారు. మూర్తి అనే ఆ ఏనుగు 2024 అక్టోబరులో చనిపోయింది. కథ మాత్రం ఈ అడవి విడిచిపోలేదు.

దంతాల్లేని మగ ఏనుగును మఖ్నా అంటారు. అలాంటి మఖ్నా ఒకటి 1990లలో కేరళ, తమిళనాడు సరిహద్దు ఊళ్లను వణికించింది. 23 మందిని చంపింది. కాల్చేయమని కేరళ ఉత్తర్వు ఇచ్చింది. అది సరిహద్దు దాటి గూడలూరు వైపు వచ్చింది. 1998లో పశువైద్యుడు డాక్టర్ వి. కృష్ణమూర్తి బృందం దానికి మత్తు సూది వేసి పట్టుకుంది. తమిళ రచయిత జయమోహన్ 'యానై డాక్టర్' కథలోని డాక్టరు ఈయనే. కుంకీలు చెరోపక్క ఒత్తి నిలబడగా దాన్ని తెప్పకాడుకు తెచ్చారు. ఒంటి నిండా గాయాలు.

ఇక క్రాల్. బలమైన దుంగలు అడ్డంగా పేర్చి కట్టిన దొడ్డి అది. ఏనుగు నిలబడటానికి, కాస్త అటూ ఇటూ తిరగడానికి తప్ప చోటుండదు. లోపలికి వెళ్లినరోజు అది దుంగల్ని తలతో కొడుతుంది. అడవి దద్దరిల్లేలా ఘీంకరిస్తుంది. తొండం అందినంత మేర మట్టి, పేడ, ఏది దొరికితే అది విసురుతుంది. దుంగల బయట, తొండానికి సరిగ్గా అందనంత దూరంలో, ఇద్దరు మనుషులు గొంతుకూర్చుని ఉంటారు. పగలూ రాత్రీ అక్కడే. ఏదో ఒకటి మాట్లాడుతూ ఉంటారు. ఏం మాట్లాడినా ఫరవాలేదు, గొంతు అలవాటు కావాలి. మొదట చెరుకు విసురుతారు. ముట్టుకోదు. తర్వాతెప్పుడో ముట్టుకుంటుంది. విసరడం మాని కర్రకు కట్టి అందిస్తారు. కర్ర రోజురోజుకూ పొట్టిదవుతుంది. ఒకనాటికి కర్ర ఉండదు, చెయ్యి ఉంటుంది. వెదురుకర్రతో వీపు మీద తట్టడం, గొట్టంతో నీళ్లు కొట్టడం, గాయాలకు మందు పూయడం అన్నీ ఆ దుంగల సందుల్లోంచే. వారాలు పడుతుంది, ఒక్కోసారి నెలలు.

దీన్ని ప్రేమ అని రాసేయడం తేలిక. హింస అని రాసేయడం ఇంకా తేలిక. ఇరుకు, ఆకలి, ఒంటరితనం కలిసి ఆ అడవి ప్రాణాన్ని లొంగదీస్తాయి. అందులో దయ లేదు. కానీ అక్కడ దుంగలు ఎత్తకపోతే జరిగేది తుపాకీ పేల్చడమే. బయట కూర్చున్న ఆ ఇద్దరూ, తమలాంటి మనుషుల్ని తొక్కిన ఏనుగుకే చెరుకు అందిస్తున్నారన్నది నన్ను ఎక్కువగా పట్టుకునే సంగతి. వాళ్లకు జీతం వస్తుంది నిజమే, కానీ ఆ దూరాన్ని తగ్గించుకుంటూ పోవడానికి జీతం ఒక్కటే సరిపోదు.

గాయాలు మానాయి. తనను బతికించిన డాక్టరు పేరే దానికి పెట్టారు, మూర్తి అని. ఆ తర్వాత 26 ఏళ్లు అది తెప్పకాడు శిబిరంలో ఉంది. 23 మందిని చంపిన ఏనుగు ఇక్కడ సాధువు అనిపించుకుంది. మావటుల పిల్లలు దాని కాళ్ల మధ్య ఆడుకునేవారని శిబిరంలో చెప్పుకుంటారు. రిటైరై, ముసలిదై, ఈ అడవిలోనే పోయింది.

ఇక్కడితో ఆపేస్తే చక్కటి కథ. ఆపడానికి వీల్లేదు, ఎందుకంటే మసిని ఉంది.

మసిని గున్నగా ఉన్నప్పుడే శిబిరానికి చేరింది. మసినగుడి పక్కన దొరికింది కాబట్టి మసిని. మూర్తిలాగా ఎవర్నీ తొక్కి రాలేదు, క్రాల్‌లో విరిగి లొంగలేదు. మనుషుల చేతుల్లో పాలు తాగి, మనుషుల మధ్య పెరిగింది. తర్వాత దాన్ని తిరుచ్చి దగ్గర సమయపురం మారియమ్మన్ గుడికి ఇచ్చారు. అడవి నుంచి గుడికి, నది నుంచి సిమెంటు నేలకు, ఒక మావటి నుంచి ఇంకో మావటికి. 2018 మేలో, గుడిలో భక్తులు చూస్తుండగానే, అది తన మావటిని తొక్కి చంపింది. వైద్యం చేయించారు, కోర్టు దాకా వెళ్లింది వ్యవహారం, మళ్లీ తెప్పకాడుకే చేర్చారు. కోలుకుంది. వినాయక చవితికి శిబిరంలోని చిన్న గుడి దగ్గర ఏనుగులు గంట కొట్టి ప్రదక్షిణ చేసే వేడుక ఉంది, అందులోనూ కనిపించింది. 2023 ఏప్రిల్‌లో ఒక ఉదయం, ఇదే శిబిరంలో ఇంకో మావటిని చంపింది.

చేతుల మీద పెంచిన గున్నే పెద్దయ్యాక ప్రమాదమని పాత మావటులు అంటారు. అడవి ఏనుగుకు మనిషంటే జంకు ఉంటుంది, లొంగినా ఆ జంకు పూర్తిగా పోదు; పాలసీసాతో పెరిగినదానికి అసలు జంకే ఉండదు, ఆటకు తోసినా మనిషి ప్రాణం పోతుంది. ఇందులో నిజం ఉంది. కానీ మూర్తినీ మసినినీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు ఇంకొకటి కూడా అనిపిస్తుంది. మూర్తికి పట్టుబడ్డ తర్వాత ఇరవై ఆరేళ్లు ఒకే శిబిరం, ఒకే నది. మసినిని మాత్రం వస్తువులాగా ఒకచోటి నుంచి ఇంకోచోటికి ఇచ్చారు, తీసుకున్నారు. దాని కోపానికి ఇదే కారణమని రుజువు చేయలేను. ఏనుగు మనసులో ఏముందో కాగితం మీద తేలదు. అనుమానం మాత్రం పోదు.

ఏనుగుకు మదం ఎక్కినప్పుడు కూడా చూడాలి ఈ మావటుల్ని. కణతల నుంచి నల్లటి ద్రవం కారుతుంటే ఆ మగ ఏనుగును దూరంగా, బలమైన చెట్టుకు గొలుసులతో కట్టేస్తారు. మేత దూరం నుంచే విసురుతారు, నీళ్లు గొట్టంతో పెడతారు. నిన్నటిదాకా నోట్లో చెయ్యి పెట్టినవాడే ఇవాళ గీత దాటడు. అలా వారాలు, ఒక్కోసారి రెండు మూడు నెలలు. మదం దిగాక మళ్లీ మొదటిసారి ఎవరో ఒకరు గీత దాటి వెళ్లాలి కదా. ఆ వెళ్లేది మావటే. పేరు పెట్టి పిలుస్తూ, చెవులకేసి చూస్తూ.

ఎండ ఎక్కింది. గున్నల కొట్టం వైపు జనం మూగారు. బొమ్మన్, బెల్లి పెంచిన గున్నలు ఏవి అని అడుగుతున్నారు. 2023 మార్చి 12 రాత్రి ఆస్కార్ వేదిక మీద మన 'నాటు నాటు' పాటకు బహుమతి వచ్చినప్పుడు తెలుగు ఇళ్లలో ఎంత సంబరమైందో గుర్తుంది కదా, అదే రాత్రి అదే వేదిక మీద 'ది ఎలిఫెంట్ విస్పరర్స్' డాక్యుమెంటరీకీ బహుమతి వచ్చింది. రఘు, అమ్ము అనే గున్నలు, వాటిని పెంచిన కాట్టునాయకన్ దంపతులు బొమ్మన్, బెల్లి కథ అది. రఘు తల్లి కరెంటు తగిలి చనిపోయింది. రఘు మంద తిరిగిన హోసూరు అడవులు మన కుప్పానికి పొరుగే. ప్రధాని వచ్చాడు, రాష్ట్రపతి వచ్చింది. తమిళనాడు ముఖ్యమంత్రి ఏనుగుల శిబిరాల సిబ్బంది 91 మందికి తలా లక్ష రూపాయలు ప్రకటించాడు. ఆ ఏడాది ఆగస్టులో బెల్లిని కావడిగా నియమించారు, తమిళనాడులో ఆ పనికి తొలి మహిళ. మసిని మావటిని చంపింది ఈ సందడి మధ్యనే, ఆస్కార్ వచ్చి ఏడు వారాలు తిరక్కముందే. కెమెరాలు అందుకు రాలేదు.

ఆ డాక్యుమెంటరీలో నాకు మిగిలిపోయింది గున్న స్నానమో, పాలసీసానో కాదు. రఘు కాస్త పెద్దయ్యాక దాన్ని ఇంకో మావటికి అప్పగిస్తారు. శాఖ లెక్క ప్రకారం అది మామూలు బదిలీ. పెంచిన ఇద్దరూ అడ్డం చెప్పలేరు, ఎందుకంటే గున్న వాళ్లది కాదు, ప్రభుత్వానిది. అమ్ము రఘు కోసం వెతుక్కుంటుంది. ఆ ఇంట్లో దిగులుకు ఏ ఫైల్లోనూ గడి లేదు.

ఏనుగు చేతులు మారడం గురించిన ఈ మాట ఇప్పుడు ఆంధ్రలో మనకూ పనికొస్తుంది. 1980ల నుంచి తమిళనాడు, కర్ణాటక అడవుల ఏనుగులు చిత్తూరు జిల్లా కుప్పం, పలమనేరు పొలాల మీదకు వస్తున్నాయి. వాటి కోసమే కౌండిన్య అభయారణ్యం ఏర్పడింది. రాత్రుళ్లు టపాసులు, డప్పులు, టార్చిలైట్లతో కాపలా కాసే రైతుకు ఏనుగు అంటే వినాయకుడూ అవును, తొక్కేసిన టమాటా తోట కూడా అవును. చాలాకాలం పాటు మనకున్న కుంకీలు ననియాల శిబిరంలోని జయంత్, వినాయక్ మాత్రమే. 2025 మే 21న బెంగళూరు విధానసౌధ ముందు కర్ణాటక ముఖ్యమంత్రి నాలుగు కుంకీలను మన ఆంధ్రప్రదేశ్ ఉప ముఖ్యమంత్రికి అప్పగించాడు. రంజన్, దేవా, కృష్ణ, అభిమన్యు. దండలు వేశారు, హారతులు ఇచ్చారు, కాగితాలు చేతులు మారాయి.

ఆ నాలుగింటికీ అక్కడి శిబిరాల్లో గొంతులు అలవాటు. బొటనవేలి నొక్కు అలవాటు. వాటిని లారీ ఎక్కించి రాష్ట్రం దాటించడం ఒక్కరోజు పని. ఇక్కడి మనిషి గొంతును అవి తమదిగా ఒప్పుకోవడం ఎన్నాళ్ల పనో తెప్పకాడు నది ఒడ్డున అరగంట నిలబడితే అర్థమవుతుంది. మనవాళ్లను మావటి పనికి కర్ణాటక శిబిరాలకు పంపి నేర్పించారు, అది మంచి పనే. నేర్చుకుని వచ్చినవాడు ఎన్నేళ్లు అదే ఏనుగు దగ్గర ఉంటాడన్నదే మిగిలిన ప్రశ్న.

ఆ కుంకీలు చేరిన పలమనేరు శిబిరం చూడబోయేవాళ్లకు అక్కడ ఏనుగు ఎంత తింటుంది, ఎన్ని టన్నులుంది అన్నది ఎవరైనా చెప్తారు. నేనైతే మావటిని పక్కకు పిలిచి అడుగుతాను: అయ్యా, నీ ఉద్యోగం పర్మినెంటా, కాంట్రాక్టా? జీతం నెలనెలా వస్తోందా? సెలవు పెడితే నీ బదులు దీని దగ్గరికి ఎవరు పోతారు?